తేదీ మారని దేవుడు

రూజా గుండెలో చిల్లు పడిందని మా గోర్న్యా బుక్వ ఊళ్ళో అందరికీ చెప్పింది మిలుంక. మిలుంకకి ఆ సంగతి రొట్టెల కొట్టావిడ చెప్పిందట. రొట్టెల కొట్టావిడని అడిగితే, తనకి చెప్పింది మిలుంకేనంది. ఇలా ఒక చుట్టు తిరిగొచ్చిన మాటని అబద్ధమనడానికి మా ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాలదు. మొదట దీనారు బిళ్ళంత ఉన్న చిల్లు, ఆదివారం ప్రార్థన అయ్యేసరికి గుప్పెడంత అయింది.

నిజానికి రూజా గుండె తిరగలి రాయిలా ఉంది. దానికి వచ్చిన కష్టమల్లా రెన్‌జో వల్మారా అనే ఇటలీ పాటగాడు. ఆమె వాల్యెవో పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో అతని క్యాసెట్ ఒకటి ఆడపిల్లలందరి చేతులూ మారింది. టేపు సాగి సాగి చివరికి అతని గొంతు ఎద్దు రంకెలా వినిపించేది. ఆ రంకెకే రూజా మనసిచ్చింది. తర్వాత వుకాషిన్‌ని పెళ్ళాడింది, పందుల్ని మేపింది, కూతుర్ని పెంచి బెల్‌గ్రేడ్‌లో ఉద్యోగానికి పంపింది. ఇప్పుడు జుట్టు నెరిసిన వల్మారా, ఇదే ఆఖరిసారి అని చాటించి మరీ ప్రపంచమంతా తిరిగి కచేరీలు చేస్తున్నాడు. బెల్‌గ్రేడ్‌లో సెప్టెంబరులో పాడాల్సింది. కూతురు సంజ రెండు టికెట్లు కొనేసింది కూడా. సరిగ్గా అప్పుడే పాటగాడికి గొంతు పోయింది. సగం ప్రపంచానికి తేదీలు మారిపోయాయి.

కొత్త తేదీ తెలిసిన పొద్దున రూజా క్యాబేజీలు ఊరబెడుతోంది. మధ్యాహ్నంలోగా పీపా నింపి, మూత మీద రాయి పెట్టేసి, నడుం వాల్చాలని ఆమె ఆలోచన. అంతలో ఫోను మోగింది.

"అమ్మా, తేదీ ఇచ్చేశారు. డిసెంబరు పంతొమ్మిది," అంది సంజ.

రూజా చేతిలోని క్యాబేజీ ఉప్పునీళ్ళలోకి దభీమని జారింది. "పంతొమ్మిదా? నికోలా రోజునా?"

"అవును."

"వాళ్ళకి బుద్ధుందటే? దేశంలో సగం ఇళ్ళలో ఆ రోజు స్లావా. మిగతా సగం జనం ఆ ఇళ్ళలో భోజనానికి కూచునుంటారు. ఇక హాల్లో ఎవరు కూచుంటారు, దెయ్యాలా?"

"తేదీ పెట్టినవాళ్ళు ఎక్కడో లండన్‌లో ఉంటారమ్మా. వాళ్ళ క్యాలెండర్లో అది ఉత్త శుక్రవారం."

స్లావా అంటే ఇలవేల్పు పండుగ. తాతలు ఏ సెయింట్‌ని పట్టుకుంటే మనవలూ ఆయన్నే పట్టుకోవాలి. ఆయన రోజున ఇంట్లో పెద్ద కొవ్వొత్తి వెలగాలి, బల్ల నిండాలి, ఇల్లాలు వండాలి, యజమాని కూచోకుండా వడ్డించాలి. దీనికి ఎవరినీ పిలిచే ఆచారం లేదు. పోయినేడు వచ్చినవాడు ఈ ఏడూ వస్తాడు. వాడు చచ్చిపోతే వాడి కొడుకు వస్తాడు. పిలుపే లేని చోట రావద్దని చెప్పే దారి కూడా ఉండదు. పాటగాడికి గొంతు పోతే కచేరీ వాయిదా పడుతుంది. సెయింట్ నికోలాకి మాత్రం ఇన్ని వందల ఏళ్ళలో ఒక్కసారీ గొంతు పోలేదు.

"వెళ్ళు," అన్నాడు వుకాషిన్, ఆ సాయంత్రం కాఫీ ముందు కూచుని. పెళ్ళాం మీద ప్రేమ ఉన్నా దాన్ని ఒక మాటకి మించి బయటపెట్టే మనిషి కాదు.

"వెళ్ళడమేమిటయ్యా? మధ్యాహ్నం ఒక బంతి, రాత్రి ఇంకో బంతి. రాత్రికి ఒబ్రెన్ వస్తాడు." ఒబ్రెన్ వాళ్ళ పెళ్ళికి సాక్షి నిలబడ్డ కుమ్. మా దగ్గర కుమ్ అంటే సొంత అన్న కంటే ఒక మెట్టు ఎక్కువ. "ఇల్లాలు లేని స్లావా ఎక్కడైనా ఉందా? మీ అమ్మకేం చెబుతావు?"

ఇద్దరూ వంటింటి వైపు చూశారు. అక్కడ పొయ్యి పక్కన వుకాషిన్ తల్లి స్తమేన చిక్కుడు గింజలు ఏరుతోంది. ఎనభై దాటిన మనిషి. బాంబులు పడుతున్న ఏడు కూడా ఈ ఇంట్లో నికోలా కొవ్వొత్తి ఆరలేదని, ఆ మాట వినడానికి ఎవరూ లేకపోతే కోళ్ళకైనా చెబుతుంది.

"అమ్మకేమీ చెప్పొద్దు," అన్నాడు వుకాషిన్ గొంతు తగ్గించి. "ఒక్క మధ్యాహ్నం బంతితో సరిపెడదాం. నువ్వు సాయంత్రం బస్సెక్కెయ్."

"రాత్రి వాళ్ళని మానమని ఎవరు చెబుతారు?"

"చెప్పక్కర్లేదు. మిలుంక చెవిన ఒక ముక్క వేస్తే చాలు."

మర్నాడు వుకాషిన్ కంచె దగ్గరికి వెళ్ళాడు. అవతల మిలుంక దుప్పట్లు దులుపుతోంది.

"ఈసారి మా స్లావా మధ్యాహ్నంతో సరి, మిలుంకా. సాయంత్రం రూజా బెల్‌గ్రేడ్ వెళ్ళాలి."

"నికోలా పూటా? ఎందుకోయ్?"

పాటగాడి పేరు వుకాషిన్ నోటిదాకా వచ్చి, పళ్ళకి తగిలి వెనక్కి పోయింది. "డాక్టరు దగ్గరికి," అన్నాడు. అంటూనే సిగరెట్ కోసం చొక్కా ఎడమ జేబు తడుముకున్నాడు.

మిలుంక ఆ చెయ్యి ఎక్కడికి పోయిందో చూసింది. దుప్పటి కింద పెట్టింది. "ఎప్పటి నుంచి?" అంది, చర్చిలో మాట్లాడినట్టు.

"ఏమిటి ఎప్పటి నుంచి?"

"సరేలే. నీ నోటితో చెప్పించడం పాపం," అని మిలుంక కళ్ళొత్తుకుని, దుప్పట్లు అక్కడే వదిలేసి, రొట్టెల కొట్టు వైపు నడిచింది.

ఆ వారం రూజా ఇంటికి ముసురులా జనం. తేనె వచ్చింది, కోడి పులుసు వచ్చింది. బడి టీచరు వీడా అడవి గులాబీ కాయల టీ తెచ్చింది. మా చర్చి ఫాదర్లకి పెళ్ళిళ్ళు ఉంటాయి; మా ఫాదర్ గావ్రిలో భార్య లెపోసవ మఠం నుంచి తైలం తెచ్చి రూజా నుదుట రాసింది. వచ్చిన ప్రతి ఆడదీ ఆమె చెయ్యి పట్టుకుని, "ఇంతకీ సాయంత్రం ఎన్నింటికి బయల్దేరతావమ్మా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఎంత శ్రద్ధో అనుకుంది రూజా.

వాళ్ళు వెళ్ళగానే మొగుడి మీద విరుచుకుపడింది. "పంటి డాక్టరు అనడానికి నీకు పళ్ళు లేవా?"

"నేను సిగరెట్ తీసుకుంటున్నానే, ఒట్టు!"

"ఆ సిగరెట్లతో నీ గుండెకి రావాల్సింది నా గుండెకి తెచ్చావు."

నిజం చెబుదామంటే ఇప్పుడు మార్గం లేదు. తేనె తిన్నారు, పులుసు తాగారు, తైలం రాయించుకున్నారు. ఇదంతా ఇటలీ వాడి పాట కోసమని చెబితే ఊరు ఊరుకుంటుందా? ఊరు ఊరుకున్నా స్తమేన ఊరుకుంటుందా? అందుకని ఇద్దరూ నోరు మూసుకున్నారు. వాళ్ళు నోరు మూసుకున్నకొద్దీ జబ్బు ముదిరింది. పండుగ పూట కూడా రమ్మన్నాడంటే డాక్టరుకి ఆశ లేదన్నమాటేనని ఊరు తేల్చింది. రాత్రి బంతికి వచ్చేవాళ్ళు కూడా మధ్యాహ్నమే వెళ్ళాలని, ఇదే ఆమెకి ఆఖరి స్లావా కావచ్చు గనక మధ్యలో ఎవరూ లేవకూడదని తీర్మానించుకుంది.

ఇది విని, ఎవరూ లేవకపోతే రూజాకి బస్సు అందదని వుకాషిన్ గ్రహించాడు. లేవమని అతిథికి చెప్పడం కంటే ఇల్లు తగలబెట్టుకోవడం నయం. అయితే స్లావా కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపే విందు. అది కొండెక్కాక ఎంత మొండివాడికైనా టోపీ గుర్తొస్తుంది. వుకాషిన్ పెరట్లోకి వెళ్ళి, చర్చిలో కొన్న మోచేతి పొడవు కొవ్వొత్తిని రంపంతో సగానికి కోశాడు. తేడా తెలియకుండా దాన్ని లోతైన గోధుమల గిన్నెలో గుచ్చాడు. జీవితంలో ఇంత తెలివైన పని చెయ్యలేదనుకున్నాడు.

నికోలా రోజు వచ్చింది. ఉపవాసాల కాలం గనక మాంసం లేదు, పాలు లేవు. ఓవెన్‌లో కాల్చిన పెద్ద పెద్ద చేపలు, ఉల్లిపాయలతో మగ్గిన చిక్కుడు గింజలు, అక్రోట్ల కేకులు. ఫాదర్ గావ్రిలో వచ్చి పండుగ రొట్టె కోసి ప్రార్థన చేశాడు. "ఈ ఇంటి ఇల్లాలికి ఆరోగ్యం ప్రసాదించు ప్రభూ" అనే చోట మూడుసార్లు ఆగి మూడుసార్లూ రూజా వైపు చూశాడు. రూజా వంటింట్లోకి అడుగు పెట్టబోతే ఆడవాళ్ళు భుజాలు పట్టి సోఫా మీద కూచోబెట్టేశారు. మోకాళ్ళ మీద కంబళి కప్పారు. మిలుంక గరిట అందుకుంది, వీడా టీచరు పళ్ళాలు పంచింది, లెపోసవ చేపల దగ్గర నిలబడింది. పెళ్ళయినప్పటి నుంచీ రూజా తన స్లావాలో కూచుని తిన్నది అదే మొదటిసారి. చేపకి ఉప్పు చాల్లేదని కూడా అదే మొదటిసారి తెలిసింది.

చేప రెండో వాయి బల్ల మీదికి వస్తుండగా కొవ్వొత్తి చివరిసారి టపటపలాడి ఆరిపోయింది.

బయట ఇంకా ఎండ ఉంది. స్లావా కొవ్వొత్తి తనంతట తాను మధ్యాహ్నానికే ఆరితే, ఆ ఏడు ఆ ఇంట్లో ఒక మనిషి తగ్గుతుందని మా వైపు నమ్మకం. వుకాషిన్ టోపీలు గుర్తొస్తాయని లెక్క వేశాడు గానీ ఈ సంగతి అతనికి రంపం పట్టుకున్నప్పుడు తట్టలేదు. ఫాదర్ గావ్రిలో ఫోర్కు గాల్లో ఆగిపోయింది. బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ మెల్లగా సోఫా వైపు తిరిగాయి. మిలుంక గరిటతోనే శిలువ గుర్తు వేసుకుంది.

"తినండి, తినండి. చేప చల్లారితే నీచు వాసన," అంది స్తమేన.

అందరూ తిన్నారు. ఎవరూ లేవలేదు. కొవ్వొత్తి ఆరిన ఇంట్లో, సోఫా మీద రోగిని పెట్టుకుని, ముందుగా లేచే పాపం ఎవడు మూటగట్టుకుంటాడు? ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ కుర్చీలు ఇంకా ముందుకి జరుపుకున్నారు. చిక్కుడు గింజలు మళ్ళీ వచ్చాయి. పళ్ళ సారా రకియా మళ్ళీ వచ్చింది. సందు చివర బెల్‌గ్రేడ్ బస్సు హారన్ కొట్టింది, కాసేపు ఆగింది, వెళ్ళిపోయింది.

రూజా కంబళి ముఖం మీదికి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చింది.

మిలుంక, వీడా, లెపోసవ కలిసి ఆమెని పడకగదిలోకి నడిపించి తలుపు వేశారు.

"ఎక్కడమ్మా నొప్పి?" అంది లెపోసవ, తైలం సీసా మూత తీస్తూ.

"నొప్పీ లేదు, పాడూ లేదు. బస్సు పోయింది!"

"పోతే పోనీ. డాక్టరు రేపైనా చూస్తాడు," అంది మిలుంక.

"డాక్టరు ఎప్పుడైనా చూస్తాడు మిలుంకా! వల్మారా మళ్ళీ పాడడు! మళ్ళీ ఈ ముసలి జన్మలో పాడడు!"

మిలుంక మంచం మీద చతికిలబడింది. రవికలో చెయ్యి పెట్టి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, మోకాలి మీద సాపు చేసింది. టికెట్టు. వీడా టీచరు తన సంచీ తెరిచింది. అందులో ఇంకొకటి. లెపోసవ ముందు తలుపు గడియ వేసి, అప్పుడు తైలం సీసాకి చుట్టిన గుడ్డ విప్పింది.

"మీరందరూ సెప్టెంబరు కచేరీకే కొన్నారా?" అంది రూజా, కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయి.

"నువ్వు ఒక్కదానివే ఆడదానివనుకున్నావా ఈ ఊళ్ళో?" మిలుంకకి కోపం వచ్చింది. "నువ్వు బస్సెక్కి పోతే నేనూ వెనక తలుపులోంచి ఎక్కుదామని పొద్దుటి నుంచీ కాచుక్కూచున్నాను. చావుబతుకుల్లో ఉన్నదాన్ని వదిలేసి ఎలా లేవనూ?"

"నన్ను చావుబతుకుల్లో పెట్టిందెవరు?"

"నీ మొగుడి చెయ్యి! ఎడమ పక్కన తడుముకుంటే నేనేమనుకోవాలి?"

"నేను మా ఆయనతో అక్క ఇంట్లో స్లావాకి వెళ్తానన్నాను," అంది లెపోసవ. "నికోలా నాడు ఎవరి ఇంటికి వెళ్తానన్నా ఎవరూ కాదనరు కదా."

వీడా టీచరు గడియారం చూసింది. "ఇప్పుడు కొట్టుకోవడం ఎందుకు? బండేదైనా ఉందా?"

మిలుంక కాస్త ఆలోచించింది. "మా అల్లుడు రాత్కోది ఉంది."

"ఆ బండా?" అంది రూజా.

రాత్కో వాల్యెవోలో శవపేటికలు అమ్మేవాళ్ళ దగ్గర డ్రైవరు. శవం బండి వెనక బంధువుల్ని తీసుకెళ్ళే నల్ల వ్యాను అతనిది. అద్దాలకి నల్ల తెరలు, నెత్తిన వెండి శిలువ.

"సీట్లు ఎంత మెత్తగా ఉంటాయో నీకేం తెలుసు," అంది మిలుంక. "ఏడవడానికి చేసిన సీట్లవి."

కాసేపటికి నల్ల వ్యాను గుమ్మం ముందు ఆగింది. లోపల మగవాళ్ళందరూ లేచి నిలబడి తలలు వంచారు. కంబళి కప్పుకున్న రూజాని ముగ్గురు ఆడవాళ్ళూ ఆసరా ఇచ్చి తీసుకొచ్చారు. ఇంత అకస్మాత్తుగా కాలు నేల మీద నిలవని రోగిని వాళ్ళెవరూ చూడలేదు. వ్యాను మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. ఎక్కేముందు మొగుడి చెవిలో, "చిక్కుడు గింజలు ఓవెన్లో ఉన్నాయి, రొట్టె గుడ్డ కింద ఉంది, మీ అమ్మకి ముల్లు తీసి పెట్టు," అంది. వుకాషిన్ తల ఊపాడు.

ఫాదర్ గావ్రిలో తన భార్య ఎర్ర బూట్ల వైపు చాలాసేపు చూశాడు. రోగికి తోడు వెళ్ళడానికి అంత ఎత్తు మడమలెందుకని అడగబోయాడు. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని ఊరుకుని, వ్యాను మీద పవిత్ర జలం చల్లాడు.

చీకటి పడుతుండగా ఒబ్రెన్ వచ్చాడు. నోవి సాద్ పట్నం నుంచి వస్తున్న మనిషి, ఊళ్ళో జబ్బు సంగతే తెలియదు. కానీ కూడలిలో సారా కొట్టు దగ్గర దిగగానే తెలియాల్సిన దానికంటే ఎక్కువే తెలిసింది. అతనితో పాటు పొరుగూళ్ళ నుంచి రాత్రి బంతికి ఇంకో అరడజను మంది వచ్చారు. లోపలికి వచ్చేసరికి వుకాషిన్ పూల ఏప్రన్ ఒకటి నడుముకి కట్టుకుని వడ్డిస్తున్నాడు. నల్ల అంగీ చేతులు పైకి మడిచి ఫాదర్ గావ్రిలో పళ్ళాలు తుడుస్తున్నాడు.

ఒబ్రెన్ వుకాషిన్‌ని కావలించుకుని మూడు ముద్దులు పెట్టి భోరుమన్నాడు. "ఒకేసారి నలుగురు ఆడవాళ్ళని నల్ల బండిలో ఎక్కించారట కదా, కుమ్!"

"కూచున్నారు. కూచునే వెళ్ళారు," అన్నాడు వుకాషిన్ గాబరాగా. "బతికే ఉన్నారు. రూజాకి ఒంట్లో బాగాలేదు. మిగతావాళ్ళు తోడు."

"ఒకరికి బాగాలేకపోతే ముగ్గురు తోడా? మధ్యాహ్నం ఏం తిన్నారు?"

అందరి చూపూ బల్ల మధ్యనున్న చేప మీద పడింది. చేప కూడా వాళ్ళ వైపే చూస్తోంది. ఒక్కొక్కరే ఫోర్కు కింద పెట్టి రొట్టె వైపు చెయ్యి చాచారు. స్తమేన ఒక్కతే తల వంచుకుని, తోక వైపు నుంచి నింపాదిగా తింటోంది.

అప్పుడే వుకాషిన్ నడుము దగ్గర ఫోను మోగింది. తడి చేత్తో చెవికి ఆనించాడు.

"వుకాషిన్! హాలు సగం ఖాళీగా ఉందయ్యా!" రూజా అరుస్తోంది. గొంతు పదహారేళ్ళ పిల్లది. "అందరూ స్లావాల్లో ఉండిపోయారు! వెనక కూచున్నవాళ్ళని ముందు వరసలోకి రమ్మన్నారు! చెయ్యి చాస్తే అతని బూటు తగులుతోంది! మిలుంక తగిలించింది కూడా!"

వుకాషిన్ ముఖం విప్పారింది. ఇన్నేళ్ళలో భార్య అంతగా నవ్వడం తను ఎప్పుడు విన్నాడో గుర్తు తెచ్చుకోబోయాడు. కానీ బల్ల చుట్టూ అందరూ చెవులు రిక్కించి ఉన్నారు. రూజా మాటలు వినబడకపోయినా, ఫోనులోంచి కేకల హోరు గదిలోకి వస్తోంది.

"ఎక్కడి నుంచి?" అన్నాడు ఒబ్రెన్.

"ఆస్పత్రి."

"ఎవరు అలా అరుస్తున్నది?"

"రోగులు."

"పాపం, ఎంత నొప్పో. మధ్యలో ఆ మగ గొంతెవరిది?"

"డాక్టరుది."

"ఇటలీ భాషలా ఉందే."

ఫాదర్ గావ్రిలో తుడుస్తున్న పళ్ళెం ఆపాడు. ఆ కేకల్లో ఒకటి ఆయనకి చాలా దగ్గరగా తెలిసినది. కాసేపు విన్నాడు. మళ్ళీ తుడవడం మొదలుపెట్టి, "పెద్ద డాక్టరు. బయటి దేశం నుంచి వచ్చాడు," అన్నాడు.

"పాడుతున్నాడేమిటి మరి?"

"ఈ రోజుల్లో కొత్త కొత్త వైద్యాలు," అన్నాడు ఫాదర్, తల ఎత్తకుండా.

ఒబ్రెన్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. గ్లాసులు గలగలలాడాయి. "చూడండి, నేను వాళ్ళ పెళ్ళికి సాక్షిని. ఆ పిల్ల స్లావాలో బల్ల దగ్గర లేకపోవడం ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళు ఎంతమందిమి వచ్చినా, ఎంత రాత్రయినా, విసుగనేది ఎరగదు. అలాంటి మనిషికి ఇంతకీ వచ్చిన జబ్బేమిటి?"

వుకాషిన్ ఫాదర్ వైపు చూశాడు. ఫాదర్ పళ్ళెం వైపు చూశాడు.

స్తమేన నోట్లోంచి ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది.

"మీరే," అంది.